ఒక శనివారం... నెమలిగుండానికి!

జలపాతం అనగానే మనకి సినిమా పాటలో హీరోయిన్ తడవడమో, గోడమీద క్యాలెండర్ బొమ్మో గుర్తుకొస్తుంది. అదేదో ఊటీలోనో కాశ్మీరంలోనో ఉండేది, మనకెందుకులే అనుకుంటాం. అందులోనూ మా అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం పక్క ఆడవాళ్ళకి నీళ్ళంటే బిందెలతో లెక్క. బోరు ఎన్ని అడుగుల్లో పడింది, ట్యాంకరు ఎప్పుడొస్తుంది, ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఎంత... మా మాటలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు గురించి వింటూనే ఇక్కడ ఒక తరం పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అలాంటి చోట నీళ్ళు కొండమీంచి ఊరికే దూకుతాయంటే ఈ ఊళ్ళకి కొత్తగా వచ్చిన కోడళ్ళు నమ్మరు.

కానీ దూకుతాయి! మా ఊళ్ళోంచి కనిపించే నల్లమలలోనే దూకుతాయి. ఆ చోటి పేరు నెమలిగుండం. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ నది, కొండలు దాటి బయటికి రాకముందే ఇక్కడ రాళ్ళమీంచి జారి గుండంలో పడుతుంది. ఒడ్డునే రంగనాయకస్వామి గుడి. మయూర మహర్షి ఇక్కడ తపస్సు చేశాడనీ, ఆయన నెమలి రూపంలో నేలను గీస్తే ఈ గుండం ఏర్పడిందనీ పెద్దలు చెబుతారు. రాచర్ల మండలం జె.పి.చెరువు దాటి అడవిలోకి వెళితే వస్తుంది.

ఇంత దగ్గర్లో ఉన్నా చూడనివాళ్ళు మాలో ఎంతమందో! మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే నెమలిగుండం చూడాలనుకుందట. మొదట పిల్లలు చిన్నవాళ్ళు. తర్వాత మిరప కోతలు, ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం, ఆపైన కూతురి పెళ్ళి, కాన్పులు. ఏ శనివారం చూసినా ఏదో ఒక పని. ఇప్పుడు అందరూ "పోయిరా" అంటున్నారు గానీ మోకాళ్ళు రానంటున్నాయి. గుడిదాకా ఎలాగో వెళుతుందేమో, రాళ్ళు దిగి నీళ్ళ దగ్గరకి మాత్రం పోలేదు. ఆ పెద్దమ్మని చూశాకే నాకు అనిపించింది, ఇలాంటి ప్రయాణాన్ని "వీలైనప్పుడు" అనుకుంటే ఎప్పటికీ వీలు కాదని. పెళ్ళికో, చావుకో, ఆస్పత్రికో తప్ప గడప దాటని మనం, ఒక్క రోజు నీళ్ళు చూడ్డానికి దాటితే తప్పేం లేదు. కాకపోతే పద్ధతిగా దాటాలి.

ఎప్పుడు వెళ్ళాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎండాకాలంలో వెళితే రాళ్ళు చూసి రావాలి. అలాగని పెద్ద వాన పడిన మర్నాడు పరిగెత్తకూడదు. నీళ్ళు బాగా ఉంటాయి నిజమే, కానీ దారిలో వాగులు పొంగుతాయి. పోయేటప్పుడు పాదాలు తడిసిన వాగు వచ్చేటప్పటికి నడుముదాకా రావచ్చు. కొండమీద కురిసిన వాన మనకి కనపడదు మరి! మా పక్క వానలు ఎక్కువగా శ్రావణ, భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో పడతాయి. అవి నెమ్మదించాక కార్తీకంలో వెళితే నీళ్ళూ ఉంటాయి, వాగులూ దారిస్తాయి, వనభోజనం పుణ్యమూ దక్కుతుంది. బయలుదేరేముందు జె.పి.చెరువు వైపు తెలిసినవాళ్ళెవరినైనా "వాగు ఎట్లుంది?" అని ఒక్క మాట అడగండి. పొంగిందంటే మారుమాట లేకుండా మరో వారానికి వాయిదా వేయండి. ఈ వాయిదా మాత్రం మంచిదే.

వారంలో రోజు ఎంచుకునే పని మనకి లేదు. గుడి తెరిచేది శనివారం మాత్రమే. ఆ రోజైతే తోడుగా జనం ఉంటారు. మిగతా రోజుల్లో అది అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశం మొత్తంలో పెద్దదని చదువుకున్నాం కదా, అది పరుచుకున్న నల్లమల ఇదే. పూజారులు కూడా పొద్దు గూకకముందే వచ్చేస్తారు. మనమూ అంతే. మధ్యాహ్నం మూడు దాటితే మూటలు సర్దుకోవాలి. "ఇంకాసేపు" అని పిల్లలూ, వాళ్ళకంటే ముందు వాళ్ళ నాన్నలూ అంటారు. వినకండి.

ఎలా వెళ్ళాలి?

మా అర్ధవీడు నుంచైతే కంభం వచ్చి, రాచర్ల మీదుగా జె.పి.చెరువు చేరుకోవాలి. రైల్లో వచ్చేవాళ్ళకి గుంటూరు–నంద్యాల లైనులో కంభం, గిద్దలూరు స్టేషన్లున్నాయి. ఒక్క కుటుంబమే అయితే బండి బాడుగ బరువవుతుంది. నాలుగిళ్ళవాళ్ళు కలిస్తే తేలిక. బాడుగ మాట్లాడేటప్పుడు "పోనూ రానూ, అక్కడ ఆగినంతసేపూ కలిపి" అని ముందే తేల్చుకోండి. అడవి దారి కాబట్టి ఆ దారి తెలిసిన డ్రైవరు అయితే మేలు. తెల్లవారి ఆరింటికల్లా బండి కదలాలి. ఆరు అనుకుంటే ఏడవుతుంది, ఏడు అనుకుంటే తొమ్మిదవుతుంది. మన సంగతి మనకి తెలీదా!

ఏం తీసుకెళ్ళాలి?

అడవిలో పొయ్యి వెలిగించే ఆలోచన పెట్టుకోవద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు కొండ తగలబడ్డానికి. సద్ది కట్టుకుపోవడమే మన పద్ధతి. చింతపండు పులిహోర ముందురోజు రాత్రే పులుసు ఉడికించి పెట్టుకుంటే పొద్దున్నే అన్నంలో కలపడమే పని. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోకుండా ఉండాలంటే గోరువెచ్చని అన్నం మెత్తగా మెదిపి, కాచిన పాలు ఎక్కువగా పోసి, రెండు చెంచాల పెరుగు తోడు వేయండి. తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది. మా పక్క సజ్జరొట్టెలు, శనక్కాయల పొడి తప్పనిసరి. అవి ఎంతసేపున్నా పాడు కావు. పిల్లలకి బెల్లం వేసిన మరమరాల ఉండలు. కోతులున్న చోట డబ్బా మూత తెరిచి పక్కన పెట్టి కబుర్లలో పడకండి.

తాగే నీళ్ళు మాత్రం ఇంటినుంచే మోసుకెళ్ళండి. జలపాతం చూడబోతూ నీళ్ళు మోసుకెళ్ళడమేమిటని నవ్వొస్తుంది గానీ, అందరూ స్నానం చేసే గుండం నీళ్ళు తాగి జ్వరం తెచ్చుకోవడం ఎందుకు? ప్లాస్టిక్ కవర్లు వద్దు. స్టీలు డబ్బాలు, విస్తరాకులు చాలు. తిన్న తర్వాత ఆకులతో సహా ఒక సంచిలో వేసి వెనక్కి తెచ్చేయండి.

పట్టు చీరలు, కొత్త నగలు ఇంట్లోనే భద్రంగా ఉంటాయి. త్వరగా ఆరే చీరో, చుడీదారో కట్టుకోండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులు పాకుడు రాళ్ళమీద ప్రాణం తీస్తాయి. ఒక్కొక్కరికీ ఒక జత పొడి బట్టలు, తువ్వాలు. బి.పి., షుగరు మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళు అవి మరవకూడదు. ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు, దూది, టించరు, ఒక టార్చి. అడవిలో ఫోను పలుకుతుందన్న నమ్మకంతో పోవద్దు. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకి చెప్పి వెళ్ళండి.

గుండం దగ్గర...

నీళ్ళు చూడగానే అందరం పిల్లలమైపోతాం. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. గుండం పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోతు మాత్రం తెలియదు. పాచి పట్టిన రాయి ఎంత ఈతగాణ్ణయినా జారుస్తుంది. బయలుదేరేముందే వంతులు వేసుకోండి. గంటకొకరు చొప్పున ఒక పెద్దమనిషి నీళ్ళలో దిగకుండా, ఫోటోలు తీయకుండా, పిల్లల తలలు లెక్కపెడుతూ కూర్చోవాలి. ఆ వంతు ఆడవాళ్ళకే వదిలేయకండి, మగవాళ్ళకీ వేయండి. ఇక మందు సీసా సంచిలో దాచుకొచ్చేవాళ్ళుంటే బండి ఎక్కేముందే దించేయండి. మొహమాటపడితే తర్వాత ఏడవాల్సింది మనమే.

పెద్ద వయసువాళ్ళని వద్దని ఇంట్లో వదిలేయకండి. రాళ్ళు దిగలేకపోతే గుడి దగ్గర నీడలో ఒక దుప్పటి పరిచి కూర్చోబెట్టండి. ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళమీద పోయండి. వాళ్ళు ఇన్నేళ్ళు ఎదురు చూసింది ఈ నీళ్ళ కోసమే కదా! మా పెద్దమ్మకి కూడా ఈసారి బండిలో ముందు సీటు ఇస్తామని చెప్పాం.

అడవి దారి మరీ భయమనుకునేవాళ్ళు సి.ఎస్.పురం దగ్గరున్న భైరవకోన పోవచ్చు. అక్కడ కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి, పక్కనే జలపాతముంది. కార్తీక పౌర్ణమినాడు వెన్నెల అమ్మవారి విగ్రహం మీద పడుతుందని ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. ఇంకొంచెం దూరం పోగలిగితే యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా ఎత్తిపోతల ఉంది. చంద్రవంక అక్కడ 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. కింద మొసళ్ళుంటాయి కాబట్టి ఎదుటి గట్టునుంచి చూసి రావడమే.

మన పిల్లలు ఇప్పుడు విదేశాల్లో ఉంటూ సెలవులకి ఐస్‌లాండ్ వెళ్ళామని ఫోటోలు పంపుతున్నారు. ఉత్తరాన ఎక్కడో చలిలో ఉన్న రాళ్ళ దీవి అది. ఎటు చూసినా జలపాతాలే. అక్కడ గుల్‌ఫాస్ అనే పెద్ద జలపాతం ఉంది. రెండు మెట్లుగా 32 మీటర్లు దూకుతుంది. నూరేళ్ళ కిందట దానిమీద కరెంటు ప్లాంటు కట్టాలని కంపెనీలవాళ్ళు వస్తే, సిగ్రిదుర్ అనే రైతు కూతురు అడ్డం పడిందట. రాజధానిదాకా నడిచి పోయి కోర్టులో పోరాడిందట. ప్లాంటు కడితే అందులోనే దూకుతానని బెదిరించిందని కూడా చెప్పుకుంటారు. చివరికి ఆ ప్లాంటు కట్టలేదు. 1979లో ఆ చోటంతా రక్షిత ప్రాంతమైంది. జలపాతం దగ్గర ఆమె బొమ్మ చెక్కిన రాయి నిలబెట్టారు.

మనకీ అలాంటి ఆవిడ ఉంది. నెమలిగుండం దాటిన గుండ్లకమ్మ నేరుగా పోయి కంభం చెరువులో కలుస్తుంది. రెండు కొండల మధ్య కట్ట వేసి ఆ చెరువు కట్టించింది విజయనగర రాజకుటుంబానికి చెందిన వరదరాజమ్మ అని చెబుతారు. సుమారు 500 ఏళ్ళుగా ఆ కట్ట నిలిచి ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చింది. కాబట్టి వచ్చే దారిలో వెలుతురుంటే ఒక్క పది నిమిషాలు కంభం చెరువు కట్టమీద బండి ఆపించండి. పొద్దున గుండంలో మన పిల్లలు ఆడిన నీళ్ళు కొండదిగి చేరేది ఇక్కడికే. మన పొలాలు, మన బావులు తడిసేది ఈ నీళ్ళతోనే. అక్కడ ఒక్క ప్లాస్టిక్ కవరు పారేస్తే అది ఎవరింటికి వస్తుందో పిల్లలకి చెప్పక్కర్లేదు. చూపిస్తే చాలు, వాళ్ళకే అర్థమవుతుంది.

ఈ కార్తీకంలో నాలుగు శనివారాలైనా వస్తాయి. నాలుగింటికీ ఏవో పనులుంటాయి, తెలిసిందే. అందులో ఒకటి ఎంచుకుని, క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి, ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పేయండి. శుక్రవారం సాయంత్రం చింతపండు నానబెట్టడం మాత్రం మరవకండి!