నాష్‌విల్‌లో పాటల పేట

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రానికి రాజధాని నాష్‌విల్. మా అబ్బాయి ఉద్యోగం ఆ ఊళ్లోనే. నిరుడు మేమిద్దరం వెళ్లి వాడి దగ్గర నెల్లాళ్లున్నాం.

ఒకనాటి ఉదయం రాజమండ్రి నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా! నాన్నగారి ఇల్లు అపార్టుమెంట్ల వాళ్లు అడుగుతున్నారు. నీ సంతకం ఒక్కటే తరువాయి" అన్నాడు. "వచ్చాక చూద్దాంలే" అని పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే అబ్బాయి మమ్మల్ని 'మ్యూజిక్ రో' చూపించడానికి బయలుదేరదీశాడు. అమెరికా పల్లెపట్టుల్లో పుట్టిన కంట్రీ సంగీతానికి ఆ పేట గుండెకాయ వంటిది. పెద్ద పెద్ద మేడలూ, దీపాల తోరణాలూ ఉంటాయనుకొన్నాను. తీరా చూతును గదా, పదహారో వీధిలోనూ, పదిహేడో వీధిలోనూ చెట్ల నీడన వసారాల ఇళ్లు!

"ఇదేమిట్రా, మన దానవాయిపేటలా ఉంది!" అన్నాను.

"గుమ్మాల ముందు బోర్డులు చూడండి, నాన్నగారూ" అని నవ్వాడు మావాడు. ఒక ఇల్లు పాటల ప్రచురణకర్తలది, ఒకటి రికార్డుల కంపెనీది, మరొకటి స్టూడియో!

1950ల నడుమ ఓవెన్ బ్రాడ్లీ, హెరాల్డ్ బ్రాడ్లీ అనే అన్నదమ్ములు ఇక్కడ ఒక పాత ఇంట్లో స్టూడియో పెట్టారు. సైన్యంవారు వాడే బోర్లించిన గొట్టంలాంటి రేకుల షెడ్డు ఒకటి దానికి చేర్చారు. విల్లీ నెల్సన్ రాసిన 'క్రేజీ' పాటను 1961లో పాట్సీ క్లైన్ పాడింది ఆ షెడ్డులోనే. కారు ప్రమాదంలో పక్కటెముకలు దెబ్బతిని ఉండటంచేత మొదటినాడు ఆమెకు పైస్థాయి అందలేదు. వాద్యాలు మాత్రం రికార్డు చేసుకొని, ఆమె కోలుకొన్నాక గొంతు చేర్చారు.

1957లో కట్టిన ఆర్‌సీఏ స్టూడియో బీని ఇప్పుడు మ్యూజియంవారు చూపిస్తారు. ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ రెండువందలకు పైగా పాటలు పాడాడు. 1960లో ఒక విరహగీతం దీపాలన్నీ ఆర్పించి పాడాడట. మా గైడు కూడా దీపాలు ఆర్పి ఆ పాట వినిపించింది. భాష సగమే అర్థమైనా, చీకట్లో మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకోవడం తెలిసింది.

ఇక్కడి వాద్యగాళ్లు రాతలో స్వరమేళాల పేర్లకు బదులు 1, 4, 5 అని అంకెలు వేసుకొంటారు. గాయకుడి గొంతునుబట్టి శ్రుతి మార్చినా కాగితం మళ్లీ రాయనక్కరలేదు. చిన్నప్పుడు వీణ నేర్చిన మా ఆవిడ, "ఏమండీ, మన సరిగమల కిటుకే గదా ఇది! షడ్జమం ఎక్కడ పెట్టినా పాట పాటే" అంది.

బయటికి వస్తే ఎదురుగా ఆకాశాన్నంటే కొత్త కట్టడాలు! చాలా పాత ఇళ్లు ఇప్పటికే నేలమట్టమయ్యాయి. 2014లో దగ్గరలోనే ఉన్న స్టూడియో ఏను కూడా పడగొట్టబోయారు. అక్కడ అద్దెకున్న గాయకుడు బెన్ ఫోల్డ్స్ బహిరంగలేఖ రాశాడు, సంగీతకారులు గుమిగూడారు. చివరకు ముగ్గురు కలిసి 56 లక్షల డాలర్లకు దానిని కొని నిలబెట్టారు. అయినా 2019లో అమెరికాలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాకు ఈ పేట ఎక్కింది.

"పాటలు రికార్డుల్లో ఉన్నాయి గదా, గోడలు పోతేనేం?" అన్నాను, నాకు నేను సమాధానం చెప్పుకొంటున్నట్టు.

మా ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కారెక్కాక మెల్లగా అంది: "అత్తయ్యగారు ముందు గదిలో పిల్లలకు గీతాలు చెప్పేవారు. ఆవిడ పాట ఏ రికార్డులోనూ లేదండీ."

రాజమండ్రి తిరిగి వచ్చాం. కాగితాలు బల్లమీదే ఉన్నాయి. ముందు గది తాళం తీసి, కిటికీలు తెరిపించాను. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.