పాయింటుకూ పాయింటుకూ మధ్య

కుందుర్పిలో గోల్ఫ్ కోర్సు లేదు. వేరుశనక్కాయకే వాన చాలని నేల మాది. పచ్చిక పెంచడానికి నీళ్లు పోస్తామంటే దుర్గం కొండ కూడా నవ్వుతుంది. అయినా ఈ వేసవిలో మా ఇంట్లో గోల్ఫ్ నడిచింది. బెంగళూరులో ఆ ఆట నేర్చుకుంటున్న మా అక్క కూతురు సెలవులకు వచ్చి, నాపబండల మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, పటర్‌తో బంతిని అందులోకి దొర్లించేది. ఒంటరిగా ఉంటే వరసగా పడేవి. వాళ్ల అవ్వ వచ్చి గడప దగ్గర కూర్చుంటే మూడోదో నాలుగోదో తప్పేది. తప్పినదాన్ని తలుచుకుంటూ తర్వాతివీ పోగొట్టేది.

"టెన్షన్ పడొద్దు" అని బావ రోజూ ఫోన్లో చెప్పేవాడు. ఆ మాట విని టెన్షన్ తగ్గినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

గోల్ఫ్ సంగతి నాకు తెలియదు. కానీ చేసిన తప్పును ఒక్కరే మోసుకుంటూ ఆడాల్సిన ఆట అనంతపురంలో ఒకటుంది. పిల్లను వెంటబెట్టుకొని కళ్యాణదుర్గం మీదుగా బస్సులో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజీకి వెళ్లాను. 1969లో ఫాదర్ ఫెర్రర్ ఈ కరువు జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన సంస్థ ఆర్డీటీ. అక్కడి టెన్నిస్ బడి రఫెల్ నాదల్ పేరున నడుస్తోంది. 2010లో ఆయనే వచ్చి దాన్ని ప్రారంభించాడు. పేదపిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు.

కోర్టు బయట కూర్చుని మొదట బంతినే చూశాం. కాసేపటికి మేనకోడలు నా చెయ్యి గిల్లి, "మామా, బంతి ఆగినాక చూడు" అంది. పాయింటు పోగొట్టుకున్న ఒక పిల్ల వెనక్కి తిరిగి, కంచె వైపు నాలుగడుగులు నడిచి, రాకెట్ తీగలను వేలితో సర్దుకుంది. ఊపిరి వదిలింది. తిరిగి గీత దగ్గరకొచ్చి బంతిని నేలకు కొట్టి సర్వీసు చేసింది. పాయింటు గెలిచినా అదే వరస. ముఖంలో తేడా లేదు.

టెన్నిస్‌లో పాయింటుకూ పాయింటుకూ మధ్య దొరికేది 25 సెకన్లు. జిమ్ లోర్ అనే అమెరికన్ క్రీడా మనస్తత్వవేత్త ఆటను వదిలేసి ఈ ఖాళీలనే పరిశీలించాడు. గట్టి ఆటగాళ్లు ఆ కొద్దిసేపట్లో ఒళ్లు సడలించి, తర్వాతి పాయింటు ఎలా ఆడాలో అనుకొని, ఏదో ఒక చిన్న అలవాటు పూర్తిచేసి మొదలుపెడతారని గమనించాడు. నాదల్ తన రెండు నీళ్లసీసాలను వరసగా సర్దుకోవడం లోకమంతా చూసి నవ్వుకుంది. తలలో కోరుకునే క్రమాన్ని చుట్టూ ఏర్పరచుకోవడమే అదని ఆయన 2011 నాటి ఆత్మకథలో చెప్పుకున్నాడు. అలాగని సీసాలు సర్దినవాళ్లందరికీ ఆట రాదు. చేతికి దెబ్బ సరిగా కుదరకపోతే మనసును ఎంత దిద్దినా లాభం లేదు.

ఆట అయ్యాక మావాళ్ల పిల్లే ధైర్యం చేసి ఆ అమ్మాయిని అడిగింది. "పాయింటు పోయినాక అట్ల తిరిగి ఏం చూస్తావక్కా?"

"ఏమీ చూడను. పోయిందాన్ని ఆడనే వదిలేసి రావాల. లేకుంటే నా మొగం చూసి ఎదుటిపిల్లకు తెలిసిపోతాది."

గోల్ఫ్‌లో ఎదుటిపిల్ల లేదు, అదే చిక్కు. ఒక రౌండులో 80 దెబ్బలు కొట్టినా, ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకుంటే మొత్తం మూడు నిమిషాల్లోపే. ఆట మాత్రం నాలుగు గంటలు. మిగతాదంతా నడక. ఆ నడకలోనే పిల్లలు ఓడిపోతారు. కోపమొస్తే పది అడుగులు దాటేలోపే దించేయాలన్నది టైగర్ వుడ్స్ పాటించిన పద్ధతి. కోపం రాకూడదనే ఉపదేశం కన్నా అది నాకు నచ్చింది. కోపానికి చోటిచ్చి, హద్దు గీసింది.

తిరుగు బస్సులో మేనకోడలికి సాహిత్ తీగల అనే గోల్ఫ్ ఆటగాడి గురించి చెప్పాను. తల్లిదండ్రులది హైదరాబాదు, తను పుట్టింది కాలిఫోర్నియాలో. 2022 ఫీనిక్స్ ఓపెన్‌లో గెలుపు అంచుకు చేరాక 17వ హోల్లో బంతి నీళ్లలోకి దొర్లిపోయింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ తప్పింది, ఇంటివాళ్లను పట్టుకొని ఏడ్చాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 2024 టూర్ చాంపియన్‌షిప్‌లో బంకర్లో తన క్లబ్బు ఇసుకను తాకిందని తనే చెప్పి రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు, అయినా మూడో స్థానంలో నిలిచాడు. ఏడుపొచ్చినవాడు బలహీనుడు కాడని ఆ పిల్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇంటికొచ్చి తన వరస తనే రాసుకుంది: బంతి వెనక నిలబడి దారి చూడటం, ఊపిరి వదలడం, ఒకసారి ఉత్తదే ఊపి కొట్టడం. తప్పితే పది అడుగులు. ఇప్పుడు అవ్వను కావాలనే పిలిచి గడప మీద కూర్చోబెడుతోంది. అవ్వ చూస్తుంటే ఇంకా తప్పుతున్నాయి, కానీ తప్పిన వెంటనే ఇంకొకటి తప్పడం తగ్గింది.

మిగిలింది బావ. ఆట అయిపోయి కారెక్కగానే స్కోరు అడగొద్దని, ఇల్లు చేరేదాకా ఆ మాటే ఎత్తొద్దని ఫోన్లో చెప్పాను.

"రెండు గంటల ట్రాఫిక్ రా అది" అన్నాడు. "అంతసేపు దాంతో ఏం మాట్లాడేది?"