మగవాని యందము

పెళ్ళిచూపులలో ఆడపిల్లను కూర్చుండబెట్టి, నడిపించి, పాడించి, జడ పొడవు సయితము పరీక్షించిన దేశము మనది. అట్టి దేశమున మగపిల్లవాడొకడు పదిమంది యెదుట నిలిచి "నన్ను చూడుడు" అన్నంతనే యింటిల్లిపాదియు నింతగా కలవరపడనేల? ఈ ప్రశ్న గడచిన వేసవిలో మా యింట పుట్టినది. దానికి సమాధానము కడకు మా యమ్మ కుడిచేతివలన దొరకినది. ఆ ముచ్చట మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము ముప్పది యేండ్లుగా ఖైరతాబాదులో నొక సందున కాపురమున్నాము. కుతుబ్‌షాహీ రాకుమార్తె ఖైరున్నీసా బేగము పేర వెలసిన పేట యిది. నేటివారికి మాత్రము వినాయకుని పేట. 1954లో సింగరి శంకరయ్యగారు ఒక్క యడుగు విగ్రహముతో ఆరంభించిన యుత్సవము పెరిగి పెరిగి 2014 నాటికి 60 అడుగులకు చేరినది; 2024లో 70 అడుగుల మట్టి విగ్రహమును నిలిపిరి. చవితికి నెలల ముందే పనివారు వచ్చి, ఇనుపచట్రము నెత్తి, గడ్డి చుట్టి, మట్టి మెత్తుచుందురు. విగ్రహమును చూడ లక్షల జనము వత్తురు గాని, ఆ మట్టి మెత్తిన చేతులను తలచువారు అరుదు. మేమును తలచినవారము కాము.

మా చెల్లెలి కుమారుడు ఇరువదిరెండేండ్లవాడు. సూర్యాపేటనుండి కంప్యూటరు విద్యకై వచ్చి అమీరుపేటలో నొక హాస్టలునందు దిగెను. మైత్రీవనము చుట్టుప్రక్కల సందులు మీలో ననేకు లెరిగినవే. గోడ కనబడకుండ శిక్షణాలయముల బోర్డులు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు పిల్లలు. అందరికిని ఉద్యోగమే ధ్యానము. మావాడు ఆదివారమునాడు మా యింటికి భోజనమునకు వచ్చెడివాడు. ఉగాది మొదలు వానికి అన్నము సయింపదయ్యెను. పప్పు వలదు, నెయ్యి వలదు, మా యమ్మ చేసిన సకినములు వలదు. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొన మాత్రము తిని లేచిపోవుచుండెను. మా యమ్మ వాని నుదుట చేయి వైచి, "బిడ్డా, పాణం బాగలేదా?" అని యడిగెను. వాడు నవ్వి, "బాగానే ఉంది అమ్మమ్మా, వచ్చే నెలలో పోటీ ఉంది" అనెను.

ఏమి పోటీ యనగా, పురుషుల సౌందర్యపు పోటీ! పంజాగుట్టలో నొక హోటలునందు జరుగునట. ఈ వార్త సూర్యాపేట చేరినది. మరునాడే మా మరిదిగారు బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుగుకొనకుండగనే, "మగపిల్లవాడు ముఖానికి రంగు పూసుకొని నలుగురిలో నడవడమేమిటి వదినా? చదువుకు పంపితే వీడు చేసేది ఇదా?" అని కూలబడిరి. మా చెల్లెలు మాట లేక కంటనీరు పెట్టుకొనెను. ఇరువురకును నచ్చచెప్పు భారము మాపై పడెను.

మేమును మొదట మరిదిగారి పక్షమే. కాని యాలోచింపగా, మగవాని యందమును మెచ్చుకొనుట మనకు క్రొత్త గాదని తోచినది. కోడి రామమూర్తినాయుడుగారు (1882–1942) రొమ్ముమీద ఏనుగును నిలుపుకొని, గుండెబలముతో ఇనుపగొలుసులు తెంచుచుండగా చూచుటకు జనము టిక్కెట్లు కొని పోయిరి. ఆయనను కలియుగ భీముడనిరి. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామ వేషమున రంగముమీదికి వచ్చినచో, వారి చీరకట్టును అలంకారమును చూచి స్త్రీలే నేర్చుకొనిరని పెద్దలు చెప్పుదురు. 1956లో వారికి పద్మశ్రీ వచ్చినది. బలమునకై మగవానిని చూచితిమి, కళకై చూచితిమి. వట్టి యందమునకై చూచుట మాత్రమే క్రొత్త. ఆడపిల్లలను అనాదిగా చూచినదెల్ల దానికొరకే గదా!

మావాడు తన వాదము తాను తెచ్చుకొనెను. చేతిఫోను తీసి మాకు చూపించెను. 2016 జూలై 19న ఇంగ్లండులోని సౌత్‌పోర్టు పట్టణమున "మిస్టర్ వరల్డ్" కిరీటము ధరించిన రోహిత్ ఖండేల్వాల్ మన హైదరాబాదువాడే. 1996లో ఇస్తాంబులు నగరమున మొదలైన యా పోటీలో ఆసియా ఖండమువాడు గెలుచుట అదే ప్రథమము. దాని తరువాతి పోటీ 2019 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్సు దేశపు మనీలా నగరమున జరిగినది.

ఆ ద్వీపదేశమున నిట్టివి వింత గావట. ఊరూర తమ పుణ్యపురుషుల పేర జరుగు తిరునాళ్ళలో, ఆటపాటలతో పాటు అందగత్తెల పోటీలును, అందగాండ్ర పోటీలును నడచును. తల్లులు, మేనత్తలు ముందు వరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. 2014 సంవత్సరపు "మిస్టర్ ఇంటర్నేషనల్" బిరుదము పొందిన నీల్ పెరెజ్ అను యువకుడు అప్పటికి ఆ దేశపు పోలీసు ఉద్యోగి. మాకు మిక్కిలి నచ్చినది వారి యుడుపు. బరోంగు అను పలుచని అంగీ యొకటి వారికి మర్యాదగల వేషము. అందులో శ్రేష్ఠమైనది అనాస ఆకులనుండి తీసిన నారతో నేసినది. అక్లాన్ అను మండలమున నేయు నా యనాస వస్త్రపు నేతను 2023లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. సాలెవారి యాడుబిడ్డలము గనుక, మగ్గము మాట వినగానే మా మనస్సు కొంచెము మెత్తబడెను.

ఇంతలో నొక యనర్థము బయటపడెను. అమీరుపేటలో నొక సంస్థవారు, ఛాయాచిత్రములు తీసి పెద్దపెద్ద వ్యాపారస్థులకు పంపెదమని చెప్పి, మావానియొద్ద 40,000 రూపాయలు పుచ్చుకొనిరట. అది హాస్టలు రుసుమునకై వాని తండ్రి పంపిన సొమ్ము. పది చిత్రములు చేతికిచ్చి, నెల తిరుగకుండ గదికి తాళము వేసి పోయిరి. వాడు మూడు వారములు ఎవరికిని చెప్పక, ఒక్కపూట తిని, గదిలోనివారియొద్ద అప్పు చేసి కాలము గడపెను. తెల్లసొన కథలో సగము సాధనయు, సగము లేమియు నని అప్పుడు తెలిసినది. ఈ మాట విని మరిదిగారు కోపము మరచి, తలవంచుకొని కూర్చుండిరి. సొమ్ము పోయినదన్న చింతకంటె, బిడ్డ ఇంత దాచెనన్న చింతయే వారిని క్రుంగదీసినది.

పోటీ నడుపువారు వేఱు. వారు రుసుము లేమియు నడుగలేదు. "ఇంతదూరము వచ్చితివి, పోయి నిలిచి రా, పిమ్మట చదువు ముగించు" అని మేము తీర్పు చెప్పితిమి. మరిదిగారు అవుననలేదు, కాదనలేదు.

పోటీలో దేశీయ వేషమున కనబడవలసిన ఘట్ట మొకటి కలదు. అద్దెకు దెచ్చు తళుకుల షేర్వాణీకి ఒక్క రాత్రికి 8,000 రూపాయలన్నారు. అప్పుడు మా యమ్మ, తాను పుట్టపాకనుండి వెంట దెచ్చుకొన్న పెట్టె తెఱచి, అడుగునుండి యొక తేలియా రుమాలు తీసి వాని చేతిలో పెట్టెను. ఎఱుపు, నలుపు, తెలుపు మూడే రంగులు; గడిగడికి బొమ్మలు. ఆమె పెట్టెలో నలువదేండ్లున్నను దాని నూనెవాసన పోలేదు.

ఈ రుమాలు సంగతి తెలియని సోదరీమణులకు రెండు మాటలు. నూలును నూనెయందును, ఆముదపు కాయల బూడిద నీటియందును దినములతరబడి మరల మరల నానబెట్టి పిసికి యారవేయుదురు. దానివలన రంగు గాఢముగ పట్టును, బట్ట చల్లగ నుండును. పిమ్మట బొమ్మ ననుసరించి పోగులకు కట్లు కట్టి రంగులో ముంచుదురు. కట్టినచోట రంగెక్కదు. పడుగును పేకయు రెండును ముందే యిట్లు రంగు దీర్చినవి గనుక, నేయునపుడు పోగుకు పోగు సరిపడవలెను. తప్పినచో బొమ్మ చెదరును. అరబ్బు దేశములవారు వీనిని తలపాగలుగా ధరించిరి. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనగారికి ఈ విద్యకే 2011లో పద్మశ్రీ వచ్చినది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపును లభించినది. మా పెట్టెలోని రుమాలును నేసినవారు మా నాయనగారు. వారు పోయి పదునాలుగేండ్లైనది.

పోటీనాడు మేమును, మా చెల్లెలును పోయి వెనుక వరుసలో కూర్చుంటిమి. మావాడు తెల్లని ధోవతి కట్టి, రుమాలును తలపాగగా చుట్టి వచ్చెను. వెలుగులో నా యెఱుపు రంగు నిప్పువలె నుండెను. జనము చప్పట్లు కొట్టిరి. న్యాయనిర్ణేతలలో నొక పెద్దామె, "ఈ వస్త్రము చాల బాగున్నది. ఎవరు నేసినది?" అని యడిగెను. మావాడు గుటక మ్రింగి, "చాలా పాత చేనేత మేడమ్, మా తెలంగాణ సంప్రదాయం" అని చెప్పి నడచిపోయెను. తరువాతి వరుసకు వానిని పిలువలేదు.

పంజాగుట్టనుండి ఖైరతాబాదునకు మెట్రో రైలులో నడుమ ఎఱ్ఱమంజిలు ఒక్కటే. ఆ కొద్దిసేపును వాడు మాటాడలేదు. ఓడినందుకని మేమనుకొంటిమి. ఇల్లు చేరి, తలపాగ విప్పి మడత పెట్టుచు, "పెద్దమ్మా, తాత పేరు చెప్పలేదు నేను. నోటిదాకా వచ్చింది. సాలెవాళ్ళమని తెలిస్తే ఏమనుకుంటారో అనిపించింది" అనెను. మాకు నోట మాట రాలేదు. పదిమందిలో దేహమునంతయు చూపుటకు సిగ్గుపడని వాడు, తాత పేరు చెప్పుటకు సిగ్గుపడెను! ఆ సిగ్గు వానికి మావలన వచ్చినదే. పట్నము వచ్చిన పిమ్మట, మగ్గము మాట మే మెవరియొద్దను ఎత్తియెరుగము.

మా యమ్మ యంతయు విని, "నేసుడు తాతది. ఆసు పోసింది నేను" అనెను.

"ఆసు అంటే ఏంది అమ్మమ్మా?" అని వాడు అడిగెను. ఆమె మాటలతో చెప్పలేక లేచి నిలిచి చేతితో చూపబోయెను. ఒక కొనను ఒక మేకు, రెండవ కొనను అర్ధచంద్రాకారముగ వరుస మేకులు. పేక పోగును చేతబట్టి యీ మేకునుండి యా మేకునకు, ఆ మేకునుండి యీ మేకునకు త్రిప్పుచునే యుండవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు త్రిప్పవలెను. దినమునకు రెండు చీరల నూలు పోసినచో 18,000. ఇది యాడువారి పని. మా యమ్మ ముప్పది యేండ్లు చేసినది. ఆమె కుడిచేయి నెత్తి చూపబోయెను గాని, అది భుజముదాక వచ్చి నిలిచిపోయెను. "గింతే లేస్తది బిడ్డా" అని నవ్వి దించివైచెను. ఆమె జడ వేసికొనలేక ఏల ముడి చుట్టుకొనునో, పైయరలోని డబ్బాలకు మమ్ము ఏల పిలుచునో, యిన్నేండ్లకు మాకు తెలిసినది. ఆమెను దినదినము చూచుచునే యుంటిమి గాని, మేము చూడలేదు.

ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశముగారను నేతబిడ్డ, ఇదే పనిచేత తల్లి లక్ష్మిగారు పడు భుజపునొప్పి చూడలేక, యేండ్లతరబడి శ్రమించి 1999లో ఆసు పోయు యంత్రమును చేసి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ యిచ్చిరి. ఆ బిడ్డ తల్లి చేతిని సకాలమున చూచెను. మేము చూచునప్పటికి మా యమ్మకు డెబ్బదియైదేండ్లు.

సోదరీమణులారా! మీ బిడ్డలకును నిట్టి కోరిక కలుగవచ్చును. వెంటనే తిట్టి తరుమకుడు. తరిమినచో మావానివలె దాచి చెడుదురు. ముందుగ సొమ్ము అడుగు సంస్థను నమ్మవలదని చెప్పుడు. ఒడంబడిక కాగితము ఇంటి పెద్దలు చదువక సంతకము చేయరాదు. కండలకని అమ్ము పొడులు, సూదిమందులు వైద్యుని యడుగక ముట్టరాదు. కండలు తేలి కనబడుటకై నీరు మానుట ప్రాణాపాయము. వీనినెల్ల చెప్పిన పిమ్మట, నిలువదలచినచో నిలువనిండు. చూడబడుట యెట్టిదో ఒక్కసారి తెలిసినవాడు, రేపు పెళ్ళిచూపులకు పోయి పరాయి ఆడపిల్లను నడువుమని యడుగడని మా నమ్మకము.

మావాడు చదువు ముగించి, చిన్న యుద్యోగమున చేరి, తండ్రి సొమ్ము కొంచెము కొంచెము తీర్చుచున్నాడు. మరిదిగారు వానితో నింకను ముక్తసరిగనే మాటాడుచున్నారు. మరల పోటీకి నిలుతునని వాడనుచున్నాడు. వలదనుటకు మాకు నోరు రాలేదు. "ఈసారి అడిగితే ఏం చెప్తవు?" అని మా యమ్మ నిన్న వానిని పరీక్షించెను. వాడు తాత పేరును, అమ్మమ్మ పేరును, ఊరి పేరును వరుసగా అప్పగించెను. "నా పేరెందుకు బిడ్డా" అని యామె మొగము త్రిప్పుకొనెను గాని, మరల నొకసారి చెప్పించుకొనెను.