నాపరాయి చెప్పే ఆనవాలు

బోర్డు మీద పేరు చదవకముందే ఏ సీమలో ఉన్నామో నేల చెప్పేస్తుంది. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారిలో పాలమూరు మీదుగా దిగుతుంటే, ఎవరో పేర్చిపెట్టినట్టుండే గుండ్రాళ్లు, ఈతచెట్లు. తుంగభద్ర దాటితే కర్నూలు. నాకు అసలు ఇష్టమైన చోటు ఆ తర్వాత వస్తుంది.

డోన్ నుంచి నంద్యాల వెళ్లే దారిలో బేతంచెర్ల. అక్కడ అంతా నాపరాయే. ఇంటి ముందు అరుగు, వంటింట్లో గట్టు, పశువుల తొట్టి, చివరికి దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె కూడా. పాలిష్ ఫ్యాక్టరీల ముందు పలకలు వరసగా ఆనించి ఉంటాయి, పక్కనే రాతిపొడి కుప్పలు. కాళ్ల కింద దొరికినదానితోనే ఇల్లు కట్టుకున్న ఆ మనుషులంటే నాకు గౌరవం. కొంచెం ముందుకెళితే నంద్యాల చుట్టూ నల్లరేగడి.

కోస్తాకు వేరే గుర్తులున్నాయి. కడియపులంకలో రోడ్డు పొడుగునా నర్సరీలు, భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు. తడ దాటితే బోర్డుల మీద అరవ అక్షరాలే.

బైపాసులు ఇదంతా చెరిపేస్తున్నాయని నా బాధ. టోల్‌గేటు ఎక్కడైనా ఒక్కటే, పక్కనున్న ఫుడ్‌కోర్టూ అంతే. ప్రయాణం గంట తగ్గిందని సంతోషించేవాళ్లను తప్పుపట్టను. ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లకు ఆ గంట ప్రాణం. తొందర లేనప్పుడు మాత్రం, ఆకుపచ్చ తల ఉన్న కిలోమీటరు రాళ్ల రాష్ట్ర రహదారి పట్టండి. అది ఇంకా ఊళ్ల మధ్యలోంచే పోతోంది.