సెంటర్ స్పీకర్‌ని అరలో దాచేస్తే ఎలా?

హోమ్ థియేటర్ ఉన్న ఇళ్లలో ఒకటే గోల: ఫైటొస్తే కిటికీలు అదురుతాయి, డైలాగేమో వినబడి చావదు. రిమోట్ చేతిలోంచి దిగదు.

నిన్న మా బావ వాళ్లింట్లో కొత్త రిసీవర్ బిగిస్తూ మళ్లీ అదే చూశా. 5.1లో మాటలు దాదాపు అన్నీ సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి. దాన్నేమో టీవీ స్టాండు లోపలి అరలోకి తోసేశారు. అంచుదాకా లాగి, మూతి కూర్చున్నవాళ్ల చెవుల వైపు తిప్పి, లెవెల్ 2 డెసిబెల్స్ పెంచాం. అంతే, సబ్‌టైటిల్స్ అక్కర్లేకపోయింది.

చిన్న స్పీకర్లకి మెనూలో 'స్మాల్' పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇస్తే, ఆ కింది బేస్ బరువంతా సబ్‌వూఫర్ మోస్తుంది. సరౌండ్ స్పీకర్లు సోఫాకి చెరో పక్క, కొంచెం వెనక్కి. ఆటో కాలిబ్రేషన్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపి, మైకు చెవి ఎత్తులో పెట్టాలి.

ఇంకో మాట. సౌండ్ టీవీ నుంచి ఏఆర్‌సీ ద్వారా వెళ్తుంటే, టీవీ ఆడియో సెట్టింగ్ చూడండి. ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు చానళ్లే. బిట్‌స్ట్రీమ్‌కి మారిస్తేనే మిగతా స్పీకర్లకి పని.

వీటన్నిటికీ మెనూలో దారుంది. హాల్లో వైర్లు పరుస్తుంటే అక్క చేసే గొడవకి మాత్రం ఏ సెట్టింగూ లేదు.