కోలారు గనుల ఊళ్లో తీగల విమానం

బెంగుళూరు నుండి మారికుప్పం బండిలో బయలుదేరి బంగారుపేట దాటితే, కాసేపటికి చదునైన నెత్తులతో బూడిదరంగు దిబ్బలు కనిపిస్తాయి. కోలారు గనుల్లో బంగారం తీసుకొని పారవేసిన రాతిపొడి అది, సైనైడు దిబ్బలంటారు. 1902లో శివనసముద్రం నుండి సుమారు 90 మైళ్లు తీగలమీద విద్యుచ్ఛక్తి తెచ్చుకొన్న ఊరిది. గనులు 2001లో మూతపడ్డా, చిత్తూరు వైపునుండి తరాల కిందట పనికి వచ్చిన మనవాళ్లు అనేకులు ఇంకా అక్కడే వున్నారు. మా అక్కయ్య అత్తవారిదీ అట్టి కుటుంబమే.

సాయంకాలం గాలికి దిబ్బల దుమ్ము లేస్తుంది గనుక, మా మేనల్లుడు ప్రొద్దున్నే ఆటస్థలానికి తీసుకువెళ్లాడు. వాడిది విద్యుత్తు మోటారుతో నడిచే బొమ్మ విమానం. అరవై అడుగుల సన్నని ఉక్కు తీగలు రెండు. వాటి కొస వాడి చేతిలోని పిడికి. పిడి వంచితే విమానంలోని మీట కదిలి తోకరెక్క లేస్తుంది, దిగుతుంది. నడుమ వాడు నిలబడి తిరుగుతుంటే, చుట్టూ విమానం అయిదారు సెకన్లకొక చుట్టు చుడుతుంది. ఈ పద్ధతిని 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ వ్యాప్తిలోకి తెచ్చాడు.

ఇంతలో బంతి వెంట ఒక పసివాడు ఆ వలయంలోకి పరుగెత్తాడు. మావాడు చెయ్యెత్తి విమానాన్ని పైకి లేపి, ఎత్తునే తిప్పసాగాడు. బావగారు పసివాణ్ణి ఎత్తుకొని వచ్చినా మోటారు ఆగలేదు. అయిదు నిమిషాలకు పెట్టిన గడియారపు మీట తీరితేనే అది ఆగేది. తోకరెక్క వాడి చేతిలో వుంది గాని, మోటారు లేదు.

భోజనాల దగ్గర ఆ ప్రసంగమే వచ్చింది.

"మామయ్యా, మూడు దారులున్నాయి" అన్నాడు. "మూడవ తీగ కట్టి, పిడిమీది మీటతో లాగడం ఒకటి, నమ్మకమైనదే గాని, తీగ పెరిగితే బరువూ, గాలి ఒత్తిడీ పెరుగుతాయి. ఉన్న రెండు తీగలనే ఒకదానికొకటి తగలకుండా పూత పూసి, వాటిగుండానే స్పీడ్ కంట్రోలరుకు సంకేతం పంపడం రెండవది. పూత చెడితే సంకేతం చెడుతుంది. పిడికి చిన్న రేడియో తగిలించడం మూడవది."

"బ్యాటరీ తగ్గినా మోటారు వేగం మారకుండా చూసే కంట్రోలరుందన్నావే?" అన్నాను.

"ఉంది. వేగం నిలుపుతుంది గాని, ఆపమంటే ఆపదు."

బావగారు గనిలో బోను దించే యంత్రం దగ్గర పనిచేసినవారు. "ఆ రేడియో చెడిపోతేనో?" అని అడిగారు.

"సంకేతం అందకపోతే మోటారు తనంతట ఆగేలా అమర్చవచ్చు, నాన్నా. విమానాన్ని నేలమీద గట్టిగా పట్టుకొని, ముందే పరీక్షించాలి."

"అయితే అదే పెట్టు. మా యంత్రం దగ్గర మొదట చూసుకొనేది ఆపే మీటనే. అది అమరేదాకా విమానం అటకమీదనే వుంటుంది."

మేనల్లుడు మారు మాట్లాడలేదు.

పిల్లలకు ఈ సరదా వున్న ఇళ్లవారికి నాదొక మనవి: కరెంటు తీగలకు దూరంగా ఎగరవేయించండి, పిడిని మణికట్టుకు పటకాతో కట్టించండి, సున్నంతో గిరి గీయించి లోనికి ఎవరూ రాకుండా ఒక పెద్దవారిని నిలబెట్టండి.