ఆదివారం కాలేజీ

‘‘పుస్తెలతాడు కుదువపెడదాం, కరీంనగర్‌లో చేర్పిద్దాం’’ అంది తల్లి. కూతురు ఒప్పుకోలేదు. తండ్రి సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. వెనక తమ్ముడున్నాడు. ఊళ్లోని ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువే. కానీ పగలంతా క్లాసులకు వెళ్తే మందుల షాపు జీతం పోతుంది. అసలు ఖర్చు అదీ!

అందుకే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరింది. 1982లో మొదలైన, దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ అది. పగలు షాపు, రాత్రి పుస్తకాలు, ఆదివారం స్టడీసెంటర్. ‘‘అదీ ఓ డిగ్రీయేనా?’’ అన్నారు చుట్టాలు. స్నేహితురాళ్ల కాలేజీ కబుర్లు వింటూ మౌనంగా ఉండిపోయిన సాయంత్రాలూ ఉన్నాయి.

మూడేళ్లకు పట్టా చేతికొచ్చింది. గ్రూప్స్ దరఖాస్తులో డిగ్రీ గడి నింపుతూ ఆ అమ్మాయి తల్లి మెడవైపు చూసింది.

పుస్తెలతాడు అక్కడే ఉంది.